పంటి కింది దారం

ఇదిగో వచ్చేస్తున్నానని రేణుక ఫోన్ పెట్టేసి చాలాసేపయింది, ఆ ఇదిగో మాత్రం ఇంకా రాలేదు. బెంగళూరు హూడిలో మెట్రో పట్టాల నీడ పడే వీధిలో, మొబైల్ రిపేరు కొట్టుకూ చికెన్ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న తన ఒంటిగది పార్లర్‌లో, కస్టమర్లు కూర్చునే తిరుగుడు కుర్చీలో తానే కూర్చుని, తెల్లదారం రీలు ఒళ్ళో పెట్టుకుని మునిలక్ష్మి తలుపు వైపు చూస్తోంది. వస్తే బాగుండును, రాకపోతే ఇంకా బాగుండును. దారిలో ఎవరైనా కనబడి మాటల్లో పెట్టుకుంటే, వాన పడితే, కరెంటు పోతే, కరెంటు పోతే మాత్రం ఏమవుతుంది, కనుబొమ్మలు తీర్చడానికి కరెంటు ఎందుకు, దారం ఉంటే చాలు, నోరు ఉంటే చాలు. అదే కదా వచ్చిన చిక్కు. దారం కొస ఒకటి పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల వేళ్ళకు మెలిపెట్టి, ఎదుటి మనిషి చెంప మీది నూగు కనబడేంత దగ్గరికి వంగి, వద్దనుకున్న వెంట్రుకలను టకటకా లాగెయ్యాలి. పెళ్ళికి ముందు నుంచి చేసిన పని, నిద్రలో లేపి దారం చేతికిచ్చినా చేసెయ్యగల పని. ఆ దారం నోట్లో పెట్టి నాలుగేళ్ళు దాటింది. చివరిసారి పెట్టింది కరోనా రెండో విడతప్పుడు, భాగీరథమ్మకు. ఆ నెల తిరక్కుండానే భాగీరథమ్మ పోయింది. తన ఊపిరి తగిలే పోయిందని మునిలక్ష్మి నమ్మకం. ఆ మాట ఇంకెవరూ అనలేదు, అనే అవకాశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు వస్తున్నది ఆ భాగీరథమ్మ కూతురు.

వేరే రోజైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. థ్రెడింగ్ అంతా ప్రియాంక చూసుకుంటుంది, కదిరి నుంచి వచ్చిన పిల్ల, నోట్లో దారం ఉన్నా ముక్కుతో కూనిరాగాలు తీస్తుంది. మునిలక్ష్మిది జుట్టు కత్తిరించడం, గోరింటాకు, ఫేషియల్, అదీ రెండు మాస్కులు వేసుకుని, తల పక్కకు తిప్పుకుని. ముఖం చూడకుండా ముఖానికి మెరుగులు పెట్టే మనిషిని కస్టమర్లు మొదట్లో వింతగా చూసేవారు, తర్వాత అలవాటు పడ్డారు. పొద్దున ప్రియాంక ఫోన్ చేసి, అక్కా జొరం వచ్చుండాది, ఈ పూట రాలేను అన్నది. జొరం అన్న మాట చెవిన పడగానే మునిలక్ష్మి చెయ్యి ఫోన్‌ను అల్లంత దూరంలో పెట్టింది, జ్వరం ఫోన్‌లోంచి దూకి వచ్చేస్తుందన్నట్టు. తర్వాత తనకే నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఏడుపొచ్చింది. రెండూ సర్దుకునే లోపల రేణుక ఫోను. ఇవాళ మనిషి లేదక్కా, రేపు రండి అనొచ్చు. ఆ మాట నాలుక చివర కూర్చునే ఉంది. కానీ నిన్ననే భర్త దేవరాజ్‌తో అనేసింది, ఈ తూరి ఎవురైనా వస్తే నేనే చేస్తా, చెయ్యలేకపోతే కొట్టు ప్రియాంకకు ఇచ్చేసి హొసకోటెలో మా అన్న చెప్పిన కంపెనీకి పోతా, అట్టపెట్టెల్లో సామాన్లు సర్దే పని అంట, అని. కంపెనీ క్యాబ్ నడిపే దేవరాజ్ అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "అదీ మేలే. అట్టపెట్టెలకు కనుబొమ్మలుండవు," అన్నాడు. కోపం రావాల్సిన మాటే, వచ్చింది కూడా, అయినా నవ్వేసింది, ఇన్నాళ్ళూ విసుక్కోకుండా ఉన్న మనిషి కదా, ఆ మాత్రం ఎగతాళి చేసే హక్కు అతనికి ఉంది. అందుకే రేణుకతో రండక్కా అన్నది. అన్నప్పటి నుంచి అరచేతులు చెమట, తుడుచుకోవడం, మళ్ళీ చెమట.

దారాన్ని మెడకు కట్టుకుని చేసేవాళ్ళున్నారు, కరోనా తర్వాత ఊళ్ళో సగం మంది అదే నేర్చుకున్నారు. మునిలక్ష్మీ నేర్చుకోబోయింది. ఆమె చేతులకు పళ్ళ పట్టు తెలుసు గాని మెడ పట్టు తెలియదు, కాలేజీ పిల్ల ఒకతె కనురెప్ప మీద ఎర్రటి చుక్క కనబడేసరికి ఆ ముచ్చట అక్కడితో ఆపేసింది. పళ్ళ మధ్య దారం ఉంటే తల కాస్త వెనక్కి, కాస్త ముందుకు, వేళ్ళు తెరుచుకుని మూసుకుని, అదంతా దానంతట అదే జరిగేది, చూసేవాళ్ళకు ఎదుటి మనిషి ముఖానికి దణ్ణాలు పెడుతున్నట్టు ఉండేది. భాగీరథమ్మ ఆ మాటే అని నవ్వేది, నా గడ్డానికి ఇన్ని దణ్ణాలా, దేవుడికి కూడా ఇన్ని పెట్టవు గదే నువ్వు, అని. గడ్డం. అరవై దాటిన మనిషి, భర్త పోయినా బొట్టు మానని మనిషి, వీధిలో ఎవరింట్లో గొడవైనా పిలవకుండానే వెళ్ళి తీర్పు చెప్పి వచ్చే మనిషి, ఆమె గడ్డం కింద మొండివెంట్రుకలు కొన్ని మొలిచేవి, వాటి ముందు మాత్రం ఆమె ధైర్యం పనిచేసేది కాదు. వీధంతా నిద్రపోయే మధ్యాహ్నం పూట కొంగు గడ్డం దాకా లాక్కుని వచ్చి, పరదా తానే వేసి, కుర్చీలో కూలబడి, ఎవురికీ చెప్పొద్దు మునీ, ముసల్దానికి సోకులేమిటికి అంటారు, అనేది. బుగ్గల్లోకి గాలి నింపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రతి లాగుడికీ కాలి బొటనవేలు ఎగరేసేది. అయిపోయాక గడ్డం నిమురుకుని, ఆ, ఇప్పుడు మళ్ళీ ఆడమనిషినైతిని, అని లేచేది. గంధపు సబ్బు వాసన, దాని కింద వక్కాకు వాసన. మునిలక్ష్మికి తల్లి చిన్నప్పుడే పోయింది. వారానికొకసారి తన చేతుల్లో కళ్ళు మూసుకుని పడుకునే ఆ ముఖమంటే ఎంత ఇష్టమో ఆమె ఎప్పుడూ భాగీరథమ్మతో చెప్పలేదు, దారం నోట్లో పెట్టుకుని ఏం చెప్తుంది.

ఆ రోజు, వద్దనుకున్నా వచ్చేస్తుంది ఆ రోజు, ఎండ మండుతోంది, రేపో ఎల్లుండో అంతా మూసేస్తారని వీధిలో ఒకటే మాట. వచ్చిన భాగీరథమ్మ మాస్కు లోపల నుంచే గొణుక్కుంది, మళ్ళీ ఎన్నాళ్ళు మూస్తారో ఏమో, అన్నాళ్ళూ గడ్డమేసుకుని కూచోవాల్నా నేను, అని. పొద్దున లేచినప్పటి నుంచి మునిలక్ష్మి గొంతులో గరగర. రాత్రి కుండనీళ్ళు తాగినందుకు అనుకుంది, అనుకోవడానికి కుండ ఒకటి దొరికింది కదా. గడ్డానికి పని కాబట్టి ఆమె మాస్కు కిందికి లాగింది, దారం పట్టాలి కాబట్టి ఈమె మాస్కు కిందికి లాగింది, రెండు ముఖాల మధ్య జానెడు దూరం, నోరు మూసుకున్నా ముక్కు మూసుకోలేదు కదా, ఊపిరి ఎక్కడికి పోతుంది, అక్కడికే, ఆ ముడతల మీదికే. మరునాడు పౌడర్ డబ్బా మూత తీస్తే వాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది, గుప్పెడు చల్లుకుంది, ఉహుఁ. ఒళ్ళు వెచ్చబడింది, తగ్గింది, పరీక్షకు పోలేదు, ఆ రోజుల్లో ఊపిరాడనివాళ్ళకే దిక్కు లేదు, వాసన రానివాళ్ళను ఎవరు చూస్తారు. తర్వాత ఒక ఉదయం పక్క వీధిలో అంబులెన్సు కూత. భాగీరథమ్మ నడిచే ఎక్కిందట, ఎక్కుతూ గ్యాసు కట్టేశారా అని అడిగిందట. మళ్ళీ ఆ వీధికి రాలేదు. ఎక్కడో కాల్చేశారు, ఇంట్లోవాళ్ళకు కూడా ముఖం సరిగ్గా చూపించలేదు. చావింటికి పోయి నాలుగు మాటలు చెప్పి, చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చే ఆచారం అందరికీ ఆగిపోయిన కాలం అది కాబట్టి మునిలక్ష్మి పోకపోవడాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. కాలం మారాక కూడా పోలేదు. బస్టాపుకు పోవాలన్నా ఆ ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయేది.

అందరికీ లాక్‌డౌన్ ఎత్తేశారు, మునిలక్ష్మికి ఎత్తెయ్యడం మరిచిపోయారు. పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, నెత్తి మీద మెట్రో తిరగడం మొదలైంది, అందులో జనం ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి వదులుతూ ఆఫీసులకు పోతున్నారు, ఆ జనాన్ని కింద నుంచి చూస్తేనే ఆమెకు గుండె దడ. గోడ వైపు తిరిగి పడుకునేది. పిల్ల పక్కన ఉంటే మాస్కు తీసేది కాదు. ఒక పొద్దున బడికి జడలు వేస్తుంటే కూతురు సుమ తల వెనక్కి తిప్పి, "అమ్మా, నాకు జడేసేటప్పుడు నువ్వు ఊపిరి ఎందుకు పీల్చుకోవు?" అన్నది. చేతిలో రిబ్బను చేతిలోనే ఉండిపోయింది. తనకే తెలియదు తాను బిగబట్టుకుంటున్నానని, పిల్ల మాత్రం ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో, ఎన్ని జడల నుంచి. ఆ రోజు ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయి, దేవరాజ్ క్యాబ్‌లో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. గుండె పరీక్ష చేసిన డాక్టరు కాగితం చూసి, గుండె భేషుగ్గా ఉంది, మీరే దాన్ని బెదరగొడుతున్నారు, అన్నాడు. అని, సర్కారు క్లినిక్కులో మనసు బాధలు వినే మేడమ్ ఉంటుంది, ఆవిడ దగ్గరికి పొమ్మన్నాడు. మునిలక్ష్మి పోయింది, అత్తగారితో షుగర్ పరీక్షకని చెప్పి పోయింది. ఎన్ని షుగర్ పరీక్షలే నీకు, అని అత్తగారు చక్కెర డబ్బా అందకుండా పై అరలో పెట్టేసింది. చక్కెర లేని కాఫీ తాగుతూ నెలల తరబడి పోయింది.

ఆ మేడమ్ కన్నడంలో మాట్లాడేది, నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు. మొదట్లో భయం అన్నదే తప్ప దేనికో చెప్పలేదు మునిలక్ష్మి. ఒకరోజు చెప్పేసింది, భాగీరథమ్మను, గడ్డాన్ని, గొంతు గరగరను, అన్నీ. చెప్పి, మీ వల్ల కాదమ్మా అంటుందని ఎదురు చూసింది. మేడమ్ అనలేదు. మీ వల్లనో కాదో మీకు ఎప్పటికీ తెలియదు, అన్నది. తెలియకుండానే బతకడం ఎట్లాగో చూద్దాం, అన్నది. ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది, ఇంత దూరం బస్సులో వచ్చింది ఇది వినడానికా అనిపించింది, ఇంటికి వచ్చి గిన్నెలు ధడేల్ ధడేల్‌మని తోమింది. కానీ ఆ వారం జడలు వేస్తూ ఊపిరి పీల్చుకుంది. మాస్కు వెనకే, అయినా పీల్చుకుంది. ఇంకొన్నాళ్ళకు మాస్కు లేకుండా. సుమ అద్దంలో ఓ కంట కనిపెట్టింది, గడుసుది. అట్లా అంగుళం అంగుళం వచ్చింది ఇక్కడి దాకా. అంతా బాగైందని కాదు, నిన్న కూడా బస్సులో ఎవరో దగ్గితే ఒక స్టాపు ముందే దిగి నడిచింది. ఇంక మిగిలింది ఈ దారమే. ఈ కుర్చీ నుంచి లేచి కుర్చీని ఇంకొకరికి ఇవ్వడమే.

"ఏం మునీ, నిద్రపోతాండావా?"

రేణుక. పరదా తోసుకుని నిలబడి ఉంది. మునిలక్ష్మి దిగ్గున లేచింది, రీలు దొర్లి బల్ల కిందికి పోయింది, వంగి తీసుకునేసరికి రేణుక కుర్చీలో కూర్చునే ఉంది. ఎంత చిక్కిపోయింది. పాపిట్లో తెల్లవెంట్రుకలు, కళ్ళ కింద నలుపు, కనుబొమ్మలు అడవిలా పెరిగి మధ్యలో కలిసిపోయాయి. నోరు, గడ్డం మాత్రం అచ్చం వాళ్ళమ్మవే. చూడకూడదనుకుంటూనే చూసింది మునిలక్ష్మి. తల్లి పోయిన దగ్గర నుంచి రేణుక ఇల్లు దాటి వచ్చేది కాదని వీధిలో అనుకోవడం విన్నదే. వినీ, అదీ నా ఖాతాలోదే అనుకుని చుట్టుదారిన పోయినదే.

"అద్దం సక్కంగా చూసి ఎన్నాళ్ళయిందో," అన్నది రేణుక అద్దంలోకి తొంగిచూస్తూ. "నిన్న ఇంట్లో ఊరికే కూచోనుంటే ఎందుకో నవ్వొచ్చె మునీ. ఎందుకో ఏమో. నవ్వినాక అద్దంలో చూసుకుంటే ఇదో, మా తాత మీసం నొసట్లోకి ఎక్కుండాది. తీసెయ్."

"ప్రియాంక రాలేదక్కా. నేనే చెయ్యాల. మాస్కు తీసి చెయ్యాల," అన్నది మునిలక్ష్మి. వద్దంటుందేమోనన్న ఆశ ఆ చివరిమాటలో కాస్త ఉంది.

"ఇంకా మాస్కేందే నీకు? తియ్యి," అని రేణుక తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

ఒక మాస్కు తీసింది. రెండోది తీసింది. గాలి తగిలి పెదాలు చల్లబడ్డాయి, ఎవరి ముందో కొంగు జారినంత సిగ్గేసింది. పౌడర్ అద్దింది, ఇప్పుడు వాసన వస్తోంది, ఎప్పుడో తిరిగొచ్చింది వాసన, దాన్ని చూసి సంతోషపడే తీరిక కూడా లేకపోయింది ఇన్నాళ్ళూ. దారం తెంపింది. గుండె బెదురుతోంది, బెదరనీ, గుండె భేషుగ్గా ఉందని కాగితం మీద రాసిచ్చారు. "పట్టుకోండక్కా గట్టిగా," అన్నది, రేణుక ఒక చేత్తో నుదురు పైకి, ఒక చేత్తో రెప్ప కిందికి లాగి పట్టుకుంది. కొస పళ్ళ మధ్య పెట్టుకుంది మునిలక్ష్మి. నూలు రుచి, ఎండిన రుచి, నాలుక దాన్ని గుర్తుపట్టింది. వంగింది. వంగితే జానెడు. ఊపిరి బిగబట్టింది, తెలుస్తూనే ఉంది బిగబట్టానని, ఎంతసేపని, రెండు లాగుళ్ళు, మూడు, కళ్ళ ముందు నల్లచుక్కలు, సుమ అడిగిన మాట చెవిలో, వదిలింది. ముక్కులోంచి వదిలిన ఊపిరికి రేణుక చెంప మీది పౌడర్ ఇంత కదిలింది. రేణుకకు ఏమీ కాలేదు. రేణుక బొటనవేలు ఎగరేసింది, అంతే. అయ్యో, వేలు కూడా వాళ్ళమ్మదే. పీల్చింది, వదిలింది, తల వెనక్కి, తల ముందుకు, వేళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మరిచిపోలేదు, చేతులు ఏదీ మరిచిపోలేదు. రేణుక మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. థ్రెడింగ్‌లో అందరికీ కారతాయి, నొప్పికి.

"మా అమ్మ నీ దగ్గరికే వస్తాండె గదా, గడ్డానికి."

దారం ఆగింది. నోట్లో కొస ఉంది కాబట్టి మునిలక్ష్మి ఊఁ అని మాత్రమే అనగలిగింది, ఆ కొస ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"ఎవురికీ తెలీదనుకునేది పాపము. మధ్యాన్నం పూట చప్పుడు లేకుండా చెప్పులు వెతుక్కుంటే చాలు, మా మోహనన్న నాకు కన్ను కొట్టేటోడు. అందరమూ తెలీనట్టే ఉంటిమి. వచ్చేటప్పుడు చూడాల నువ్వు, గడ్డం నిమురుకుంటా, మహారాణి లెక్క."

అంటే ఆ రహస్యం మొత్తానికి రహస్యమే కాదు. ఇంటిల్లిపాదీ కలిసి దాచారు, ఆమె నుంచి ఆమె రహస్యాన్ని. మునిలక్ష్మికి దారం వెనక నవ్వొచ్చింది, నవ్వితే కొస జారుతుంది, బిగించి పట్టింది. ఎడమ కనుబొమ్మ వంపు తిరిగింది, దూది అద్దింది, బాగా వచ్చింది, తాను చేసిందే. ఇంకొకటి చేస్తే అయిపోతుంది, అయిపోతే చాలు, ఇంక ఏ మాటా రాకుండా అయిపోతే చాలు. కుడివైపుకు మారింది. రేణుక ఈసారి చర్మం లాగి పట్టుకోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"టీకాకు నేనే తీస్కపోతిని మునీ. ఆ బడిలో లైను, ఒగరి మింద ఒగరు. గుంపుండాది, వద్దే, రేపొద్దాము అనె అమ్మ. నేనే కసిరితి, నీకేం తెలుసు కూచో అని. పొద్దున్నించి ఆ లైన్లోనే నిలబెడితి. ఆడే తగులుకునింది. నేనే చంపుకుంటిని మా అమ్మను. ఎవురితోనూ చెప్పలేదు ఈ మాట. నవ్వొచ్చిన దినము గూడా, అమ్మను చంపి నవ్వుతాండావా అనిపించె."

మునిలక్ష్మి వంగినదల్లా అట్లాగే ఉండిపోయింది. కొస నోట్లోనే ఉంది. ఊరుకోవచ్చు. ఇంతకంటే మంచి అదను దొరకదు, నాలుగేళ్ళుగా మోస్తున్నది ఇంకొకరు వచ్చి నాదే అని ఎత్తుకుంటున్నారు, ఊఁ అని ఒక్క ముక్క అని పని ముగించుకుంటే రేపటి నుంచి బస్టాపుకు సూటి దారిన పోవచ్చు. అయ్యోపాపం అక్కా అనొచ్చు. అనేసి ఇంటికి పోయి పిల్లను దగ్గరికి తీసుకుని పడుకోవచ్చు. ఎందుకు చెప్పడం, చెబితే ఆమె తిరిగొస్తుందా. కానీ ఈ మనిషి చిక్కిపోయి ఉంది. నవ్వినందుకు తనను తాను తిట్టుకుంటోంది. తాను కూడా అట్లాగే కదా, జడలు వేస్తూ, కాఫీ తాగుతూ, బస్సులో. పక్కపక్క వీధుల్లో ఇద్దరూ గోడల వైపు తిరిగి పడుకున్నారు ఇన్నాళ్ళూ. భయం వేసింది, చాలా భయం వేసింది, అయినా నోరు తెరిచింది. దారం జారి రేణుక భుజం మీద పడింది.

"అక్కా, ఆ దినాల్లోనే ఆమె ఇక్కడికీ వచ్చుండె. ఈ కుర్చీలోనే కూచోనుండె. నాకు గొంతు గరగరమంటాండె అక్కా. అయినా మాస్కు కిందికి లాక్కొని చేస్తి. మర్నాడు నాకు వాసన పోయె. నా ఊపిరే తగిలింటాది. మీది కాదక్కా. నాది."

రేణుక కళ్ళు తెరిచింది. పైన మెట్రో పోయింది, అద్దం సన్నగా వణికింది, అద్దంలో రేణుక, ఒక కనుబొమ్మ చక్కటి వంపుతో, ఇంకొకటి వాళ్ళ తాత మీసంలా, నవ్వాల్సిన ముఖం, కానీ నవ్వే ముఖం కాదు. లేచింది. పరదా దాకా పోయి, ఇటు వీపు చేసి నిలబడింది. పోతుంది, ఇట్లాగే ఒక్క కనుబొమ్మతో వీధిలోకి పోతుంది, పోయి అందరికీ చెబుతుంది, చెప్పనీ, అట్టపెట్టెలే గతి, పోనీ. మునిలక్ష్మి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. మళ్ళీ మాస్కు కోసం చెయ్యి పోబోయింది, పోనివ్వలేదు.

రేణుక భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది మునిలక్ష్మి. ఏడుపే, కానీ అందులో ఇంకేదో కూడా ఉంది.

"మా మోహనన్న ఏమంటాడు తెలుసా?" అన్నది అటు తిరిగే. "అప్పుడు దేవనహళ్ళిలో స్నేహితుడింటికి పోయొచ్చి దగ్గుతాండె గదా, నా వల్లనే అంటాడు. తాగినప్పుడల్లా అదే ఏడుపు. మా వదిన పాలపాకెట్లు కడక్కుండా లోపల పెట్టినానంటాది. పైన బాడుగకుండే కౌశల్, ఆ సాఫ్ట్‌వేర్ పిల్లోడు, జొరంతోనే మెట్ల కమ్మీ పట్టుకుని దిగినా ఆంటీ అని మొన్న కూడా ఏడ్చె. వాళ్ళందరికీ కాదులే కాదులే అని నేను చెప్తాంటి. లోపల మాత్రం, మీరెవురూ కాదు, నేనే గదా అనుకుంటా ఉంటి." ఇటు తిరిగింది. ముక్కు తుడుచుకుంది. "ఒగ ముసల్దాన్ని చంపేకి ఎంతమంది కావాలే మునీ? నువ్వు గూడా వస్తివా? పో, వెనకాల నిలబడు. లైను చానా పొడుగుండాది."

ఇద్దరికీ ఒకేసారి వచ్చింది నవ్వు, మంచి నవ్వేమీ కాదు, ముక్కు కారే నవ్వు, కడుపు పట్టుకుని బల్ల మీద చెయ్యి ఊని నవ్వే నవ్వు, మధ్యలో ఎప్పుడో ఏడుపైంది, చికెన్ కొట్టు అబ్బాస్ వచ్చి ఏమైందక్కా అని బయట నుంచి అరిచాడు, ఏం లేదప్పా, నీ పని చూసుకో అని రేణుకే కసిరింది, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో.

కాస్త తేరుకున్నాక రేణుక వచ్చి కుర్చీలో కూర్చుంది. "నీ మింద కోపము రావాల్నో వద్దో నాకు తెలీడం లేదు. రేపొస్తాదేమో, వస్తే వచ్చి తిడతాలే," అన్నది. "ముందు ఈ రెండోది చెయ్యి. ఇట్లా వీధిలోకి ఎట్ల పోయేది?" అని తానే నుదురు పైకి లాగి పట్టుకుంది. మునిలక్ష్మి కొత్త దారం తెంపి పళ్ళ మధ్య పెట్టుకుంది. తన వల్లనో కాదో తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడంలో ఇప్పుడు తానొక్కతే లేదు, ఇంకో నలుగురున్నారు, అందరూ ఆ ముసలామెను ప్రేమించినవాళ్ళే, ప్రేమించకపోతే ఎవరు ఇన్నేళ్ళు ఇంత బరువు ఎత్తుకుంటారు. వంగింది. ఊపిరి వస్తోంది, పోతోంది, దాని దారిన అది పోతోంది, కాసేపటికి దాని సంగతే మరిచిపోయింది, కనుబొమ్మ వంపు ఒకటే కనబడింది.

చివరి లాగుడికి రేణుక అబ్బా అని కన్ను పట్టుకుంది. "కంట్లో పడ్డాదే, ఎంటికో పౌడరో! ఊదు, ఊదు," అని రెప్పలు రెండు వేళ్ళతో విడదీసి, ఎర్రబడి నీళ్ళు నిండిన కన్నును ఎత్తి మునిలక్ష్మి ముఖం దగ్గర పెట్టింది.

మునిలక్ష్మి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఊదింది, మెల్లగా. చున్నీ కొసను ముద్దలా చుట్టి పెదాలకు ఆనించుకుని, లోపలి వెచ్చదనమంతా అందులోకి వదిలి, అది చల్లారకముందే ఆ కంటి మీద అద్ది పట్టుకుంది. రేణుక చెయ్యి వచ్చి ఆ చేతి మీద పడింది.

"ఇంకొక తూరి," అన్నది.